పది పలుగురాళ్లు

శనివారం పొద్దున ఆరు గంటలకు డాక్టర్ గోపాల్‌రావు పూజ దగ్గర్నుంచి ఒక్కటే మాట అన్నారు.

"నాలుగే ఉన్నాయి."

వంటింట్లో పాలు పొయ్యి మీద పెడుతున్న సులోచన చెయ్యి తుడుచుకుంటూ వెళ్లింది. లీసెస్టర్‌లో వాళ్ల ఇంటికి ప్రత్యేకంగా పూజగది లేదు. మెట్ల కింద కోట్లు తగిలించుకునే అరను ఖాళీ చేసి, పీట వేసి, లైటు పెట్టించుకున్నారు. లోపల ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి హాల్లో నిలబడాలి. సులోచన ఇరవై రెండేళ్లుగా హాల్లో నిలబడుతోంది.

ఆ పీట మీద విగ్రహాలుండవు. రాగి పళ్లెంలో ఐదు రాళ్లు, ఐదుగురు దేవుళ్లు. నడుమ నర్మదలో దొరికిన బాణలింగం. చుట్టూ నల్లటి సాలగ్రామం, వినాయకుడికి ఎర్రటి శోణభద్రం, స్వర్ణముఖి నుంచి తెచ్చిన అమ్మవారి రాయి, సూర్యుడికి స్ఫటికం. గోపాల్‌రావు తాతగారు తెనాలిలో అరవై ఏళ్లు అభిషేకం చేసిన రాళ్లు. ఇప్పుడు స్ఫటికం ఉండవలసిన చోట తడి మరక తప్ప ఏమీ లేదు.

"నిన్న పళ్లెం తోమిందెవరు?"

"బిందు అండీ. నా మణికట్టు నొప్పిగా ఉందని చింతపండు పెట్టి తోమిచ్చింది."

ఇందులో అబద్ధం అక్షరం లేదు. గోపాల్‌రావు తల పంకించి, పై మెట్ల వంక ఒకసారి చూసి, మళ్లీ పీట ముందు కూర్చున్నారు. సులోచన వంటింట్లోకి వచ్చి పొంగుతున్న పాలు దింపింది. గరిటె చేతిలోకి తీసుకున్నప్పుడు గుర్తొచ్చింది, టిక్కుమన్న చప్పుడు.

నిన్న సాయంత్రం నిర్మాల్యం తీసింది తనే. పూజ ఆయనది, ఎత్తడం తనది. రాళ్లు ఒక్కొక్కటీ తీసి పీట మీద పెట్టి, వాడిన పూలూ అభిషేకం నీళ్లూ ఒక గిన్నెలో వేసుకుని, ఎవరి కాలూ పడకుండా పెరట్లో గులాబీ మొదట్లో పోసి రావడం రోజూ చేసే పనే. నిన్న సరిగ్గా అప్పుడే లండన్ నుంచి కూతురు ప్రియ ఫోను. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, గంధంతో ముద్దయిన చామంతుల్ని పిడికిట పట్టి గిన్నెలో వేసింది. పెరట్లో పోస్తున్నప్పుడు ఏదో గులకరాళ్ల మీద టిక్కుమంది. పూలలో చప్పుడు చేసేది ఏముంటుంది? అప్పుడు ఆ ప్రశ్న తోచలేదు. ప్రియ కొత్త ఫ్లాటు గురించి చెబుతోంది. ఆ మాటల్లోనే, బిందు తోమిచ్చిన పళ్లెంలో రాళ్లను లెక్క చూడకుండా సర్దేసింది.

వెంటనే వెళ్లి చెప్పేస్తే సరిపోయేది. ఐదు నిమిషాలు కూడా కాలేదు. కానీ గోపాల్‌రావు కోపం వేరు రకం. ఆయన కేకలెయ్యరు, మాట మానేస్తారు. ఒకసారి వాళ్ల నాన్నగారి తద్దినం వంటలో ఉల్లిపాయ ముక్క కనబడినందుకు పదకొండు రోజులు ఆ ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఇది తద్దినం కూర కాదు, తాతగారి స్ఫటికం. ఆయన వార్డుకు వెళ్లగానే వెతికి తెచ్చి పళ్లెంలో పెట్టేద్దాం, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది అనుకుంది. ఆ ధైర్యంతోనే ఆయనకు కాఫీ ఇచ్చింది.

పెరట్లోకి వెళ్లాక ఆ ధైర్యం జావగారిపోయింది. గులాబీ మొదట్లో మట్టి కనబడదు. కలుపు రాకుండా ఎప్పుడో గార్డెన్ సెంటర్ నుంచి పది బస్తాల గులకరాళ్లు తెప్పించి పరిపించారు, ట్రెంట్ నది ఇసుక గోతుల్లోంచి తీసినవి. ఇన్నేళ్లూ వాటిని రాళ్లనే అనుకుంది. మోకాళ్ల కింద పాత టవల్ వేసుకుని కూర్చుని చూస్తే అందులో ఎన్ని జాతులో. కాల్చిన ఇటుక రంగువి, మేక కాలేయం రంగువి, బూడిద రంగువి, పసుపు పట్టినవి. వాటి మధ్య గుప్పెడుకు నాలుగైదు తెల్లవి, చిన్నప్పుడు అచ్చనగాయలాడుకున్న పలుగురాళ్లే. ఆ తెల్లవాటిలోనూ పాలలాంటివి కొన్ని, పలచటి మజ్జిగలాంటివి కొన్ని, వెలుతురుకు పెడితే వేలి నీడ కనిపించేవి కొన్ని.

తాతగారి స్ఫటికం రేగిపండంత ఉంటుంది. తేటగా, ఒక పక్క కొంచెం మబ్బు పట్టినట్టు. అంతవరకే ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్లు రోజూ చేత్తో తీసి పెట్టిన రాయికి ఇంకే గుర్తూ చెప్పలేకపోయింది. దేవుణ్ని పరీక్షగా ఎవరు చూస్తారు?

బియ్యం కడిగే చిల్లుల గిన్నె తెచ్చి, దోసెడు దోసెడు ఎత్తి, తోట గొట్టం కింద కడిగింది. తడిసినప్పుడు ప్రతి రాయీ అదే అనిపించేది. న్యూస్‌పేపరు మీద ఆరబెడితే పది నిమిషాల్లో సగం వెలిసిపోయి మామూలు రాళ్లయ్యేవి. ఆరినా తేటగా మిగిలినవాటిని టేక్‌అవే కూర వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. మధ్యాహ్నానికి వేళ్లు చల్లటి నీళ్లకు కొంకర్లు పోయి, డబ్బాలో పన్నెండు రాళ్లు పోగయ్యాయి. పన్నెండూ రేగిపండంత ఉన్నాయి, పన్నెండుకూ ఒక పక్క మబ్బు ఉంది.

ఆదివారం భోజనాల దగ్గర బిందుమాధవి అడిగింది.

"సార్, రెఫరెన్స్ ఫారం నింపినారా? మంగళవారం ఐదింటికి లాస్ట్ సార్. పోస్టులో వేస్తే అందదు. నేనే పోయి ఇచ్చొస్తా."

బిందుది పత్తికొండ. కర్నూల్లో ఎం.బి.బి.ఎస్. చదివి, ఇక్కడి పరీక్షలు పాసై, వీళ్ల మేడమీద గదిలో ఉంటూ తొమ్మిది నెలలుగా ఉద్యోగం కోసం తిరుగుతోంది. పోయిన నెల, రెండువేల ఆరు ఏప్రిల్లో, గవర్నమెంటు రూలు మార్చింది. వర్క్ పర్మిట్ ఇప్పించే ఆసుపత్రి దొరికితేనే బయటి డాక్టర్లకు ఉద్యోగం. ఆమె వీసా జూన్ నెలాఖరు దాకా. రెండొందల అప్లికేషన్లకు ఒకే ఒక్క చోట ఇంటర్వ్యూ దాకా వచ్చింది, బర్మింగ్‌హామ్ అవతల ఒక ఆసుపత్రిలో ఆరు నెలల పోస్టు. గోపాల్‌రావు వృద్ధుల వార్డులో రెండు నెలలు జీతం లేకుండా పనిచేసింది కాబట్టి ఆయన సంతకమే కావాలి. ఆ సంతకం లేకపోతే విమానం ఎక్కడమే. ఈ సంగతి ఆ బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ తెలుసు.

గోపాల్‌రావు అన్నం కలుపుకుంటూ, "శుక్రవారం పళ్లెం తోమావు కదా, అప్పుడు రాళ్లు ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు.

"రాళ్లు నేను చూడలేదు సార్. ఆంటీ ఉత్త పళ్లెమే ఇచ్చినారు." బిందు సులోచన వైపు చూసింది. "కదా ఆంటీ?"

సులోచన సాంబారు గిన్నెలో గరిటె తిప్పుతోంది. "పళ్లేనికి గంధం మందంగా అంటుకుని ఉందిలే," అంది. అదీ నిజమే.

బిందు ముఖం కొంచెం మారింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్న దానిలా తన చేతులవైపు చూసుకుంది. "ఏమన్నా పోయిందా సార్?"

"ఫారం సంగతి చూద్దాం," అన్నారు గోపాల్‌రావు.

ఆ పిల్ల పైకి వెళ్లాక ఆయన గొంతు తగ్గించారు. "వాళ్లవైపు తొలకరి పడితే ఊళ్లకు ఊళ్లే పొలాల్లో పడి వజ్రాలు ఏరతారు. వాళ్ల అవ్వ కూడా ఏరేదిట, మొన్న తనే చెప్పింది కదా. మెరిసే రాయి కనబడితే చెయ్యి ఆగదు. పూజ సామాను ఇంకొకళ్ల చేతికి ఇవ్వద్దని నీకు ముందే చెప్పాను. ఈ వారంలో వేరే చోటు చూసుకోమను."

"పాపం, ఆ పిల్ల అలాంటిది కాదండీ."

"అయితే రాయి ఏమైంది?"

చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది కూడా. డబ్బాలో పన్నెండు ఉన్నాయి, వాటిలో ఒకటి అదే అయి ఉంటుంది, అదేదో తేలిపోతే గొడవే ఉండదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుని, "ఏమో," అంది. ఆ మాట అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఊళ్లో మ్యూజియంలో నెలకో ఆదివారం జనం తమకు దొరికిన రాళ్లూ ఎముకలూ తెచ్చి చూపించుకోవచ్చు. లైబ్రరీలో ఆ కాగితం చూసిన గుర్తు. ఆ మధ్యాహ్నమే కూరగాయలకని చెప్పి బస్సెక్కింది. బల్ల వెనక కూర్చున్న తెల్లావిడకు డెబ్భై ఏళ్లుంటాయి, మెడలో తాడుకు చిన్న భూతద్దం వేలాడుతోంది. ముందున్న ఇద్దరు పిల్లలు డైనోసార్ పన్ను అనుకుని తెచ్చిన బొగ్గుముక్క చూసి ఆవిడ నవ్వకుండా మాట్లాడింది. ఆ మర్యాద చూసి సులోచనకు ధైర్యం వచ్చి డబ్బా మూత తీసింది.

ఆవిడ పన్నెండు రాళ్లనూ తెల్లగుడ్డ మీద వరసగా పేర్చింది. చుక్కల సీసాతో ఒక్కో రాయి మీద ఒక్కో చుక్క ఆసిడ్ వేసింది. మూడోది బుసబుస పొంగింది. "పాలరాయి. ఎవరి స్నానాల గదిలోదో అయి ఉంటుంది," అని పక్కన పెట్టింది. తర్వాత ఒక రాయి మొనతో మిగతావాటి మీద ఒక్కొక్కటిగా గీసింది. ఏడోదాని మీద తెల్లటి గీత పడింది. "ఇది సీసా పెంకు, నదిలో దొర్లి నునుపెక్కింది. పలుగురాయి గాజును గీస్తుంది, గాజు పలుగురాయిని గీయలేదు." మిగిలిన పదింటి మీద ఉక్కు కత్తి మొన లాగింది. గాటు పడలేదు సరిగదా, కత్తే అరిగి పెన్సిల్ గీతలాంటి చార మిగిలింది. ఒకటి పగిలి ఉంటే ఆ పగులు చూపించింది, గవ్వ లోపలి వంపులా గుండ్రంగా ఉంది.

"ఈ పదీ ఒకటే," అందావిడ. "క్వార్ట్జ్. తెల్లగా ఉన్నవాటిలో కంటికి కనపడని నీటి బుడగలు చిక్కుకుపోయి ఉంటాయి. బుడగలు లేని చోట తేటగా ఉంటుంది. పసుపు పట్టిందంటే ఇనుము తగిలిందన్నమాట. ఇరవై నాలుగు కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద నది ఇప్పటి ఫ్రాన్స్ వైపు నుంచి వీటిని దొర్లించుకు వచ్చింది. మన కాలి కింద ఇంతకంటే మామూలు రాయి ఉండదు."

సులోచన అడిగింది. "వీటిలో ఒకటి ఇండియాది. ఎవరిదో ఇంట్లో వందేళ్ల నుంచీ ఉన్నది. అదేదో చెప్పగలరా?"

ఆవిడ భూతద్దం పెట్టి పదింటినీ మళ్లీ ఓపిగ్గా చూసింది. ఒకదాని గుంటలో పసుప్పచ్చటిది కనబడి గంధమేమో అనుకుంది సులోచన. ఆవిడ గోటితో గీకింది, రాలేదు. అది ఇనుమే. "రాయిలో అలాంటిదేమీ రాసి ఉండదమ్మా. అన్నీ అరిగాక ఒక్కలాగే అవుతాయి. అసలు వీటిలో అది లేకపోనూ వచ్చు. పోగొట్టుకున్నవాళ్లు గుర్తుపట్టలేరా?"

వాళ్లు గుర్తుపడతారనే తన భయం అని సులోచన చెప్పలేకపోయింది. చేతిసంచీలో డబ్బా పెట్టుకుని, కూరగాయలు కొనడం మరిచిపోయి ఇంటికి వచ్చింది.

సోమవారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆ పదింటిలోంచి ఒకటి కళ్లు మూసుకుని తీసింది. కళ్లు తెరిచి ఎంచుకుంటే దొంగతనం చేసినట్టుంటుందని. దాన్ని కడిగి, పాత గంధం అద్ది, పళ్లెంలో సూర్యుడి చోట పెట్టింది. వచ్చి హాల్లో నిలబడింది.

గోపాల్‌రావు పీట మీద కూర్చుని చెయ్యి చాచి ఆగిపోయారు. రాయి తీసి వెలుతురుకు పెట్టి చూశారు, బొటనవేలితో మబ్బు పట్టిన వైపు రుద్దారు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అరవై ఏళ్ల మనిషి ఆ రాయిని కళ్లకద్దుకుంటుంటే సులోచనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తాతగారిదే. వెయ్యి రాళ్లలో కలిపినా పట్టుకుంటాను," అన్నారు.

సులోచన గట్టిగా ఊపిరి వదిలింది. గండం గడిచింది. కానీ ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే ఆయన అన్నారు. "అంటే తెచ్చి పెట్టేసిందన్నమాట. నిన్న నేను అడిగేసరికి భయపడింది."

"ఎవరు?"

"ఇంకెవరు? కాళ్లొచ్చి నడుచుకుంటూ రాలేదు కదా." ఆయన గొంతులో కోపం లేదు. ఒక వ్యాధి పేరు తేల్చిన డాక్టరు గొంతు అది. "అనుమానం ఉన్నప్పుడు ఎటూ తేల్చలేకపోయాను. ఇప్పుడు రుజువైంది."

ఆ సాయంత్రం ఆయన కవరు వెతికి పెట్టమంటే సులోచన బల్ల దగ్గరికి వెళ్లింది. ఫారం తెరిచే ఉంది. పని బాగా చేస్తుంది, రోగులతో ఓర్పుగా ఉంటుంది అని చక్కటి చేతిరాతతో రాశారు. కింద, ఈ అభ్యర్థి నిజాయితీని శంకించడానికి కారణమేమైనా ఉందా అని అడిగిన చోట, 'ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టారు. ఆ టిక్కు మీద సిరా ఇంకా మెరుస్తోంది. సొరుగు మూసేసి, "కవర్లు అయిపోయాయండీ, పొద్దున తెస్తాను," అంది. అది మాత్రం అబద్ధం.

మంగళవారం పొద్దున గోపాల్‌రావు అభిషేకానికి నీళ్లు పట్టుకుంటుంటే సులోచన హాల్లో నిలబడలేదు. వంగి అరలోకి వచ్చి, ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుంది. పళ్లెంలోంచి స్ఫటికం తీసి డబ్బాలో వేసి, మూత పెట్టి ఆడించి, పది రాళ్లనూ పీట మీద గుమ్మరించింది.

"వెయ్యి అక్కర్లేదు. పదే ఉన్నాయి. మీ తాతగారిది తియ్యండి."

ఆయన భార్యవంక చూశారు. ఆమె ముఖంలో ఏం కనబడిందో, కోప్పడకుండా ఒక రాయి తీశారు. వెలుతురుకు పెట్టి, బొటనవేలితో రుద్ది, పెట్టేశారు. ఇంకొకటి తీశారు. ఐదోది తీసినప్పుడు చెయ్యి ఆగి ఆగి కదిలింది. ఆ చేతులు ముప్పై ఏళ్లుగా మనుషుల పొట్టలు నొక్కి ఎక్కడ ఏముందో చెప్పిన చేతులు. పదోది కూడా పెట్టేశాక ఆయన అడిగారు.

"ఏది?"

"నాకూ తెలియదు. వీటిలో ఉందో లేదో కూడా తెలియదు. గులాబీ మొదట్లో ఏరుకొచ్చాను. శుక్రవారం నిర్మాల్యంతో పాటు నేనే పారబోశాను. ఆ పిల్ల చేతికి రాయి వెళ్లనే లేదు."

అభిషేకం నీళ్ల చెంబు అంచుదాకా నిండి ఉంది. ఆయన దాన్ని కదపలేదు. కాసేపటికి లేచి, మడిపంచెతోనే బల్ల దగ్గరికి వెళ్లి కుర్చీ లాక్కున్నారు. 'ఉంది' అన్న టిక్కును కొట్టేసి, పక్క గడిలో కొత్త టిక్కు పెట్టి, కొట్టివేత దగ్గర పొట్టి సంతకం చేశారు. దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాశారు. ఏం రాశారో ఆమెను చదవమనలేదు. సులోచన సొరుగులోంచి తీసి ఇచ్చిన కవరులో పెట్టి, అంటించి బల్ల చివరకు తోసి, మళ్లీ వెళ్లి పీట మీద కూర్చున్నారు. ఆ రోజు పూజ నాలుగు రాళ్లతోనే జరిగింది. సులోచనతో మాట మాట్లాడలేదు. ఎన్ని రోజులైనా మాట్లాడకపోనీ అనుకుంది సులోచన. మూడు రోజుల తరవాత మొదటిసారి ఒంట్లో బరువు దిగినట్టుంది. మెట్లు చిన్నపిల్లలా ఎక్కింది.

బిందు గదిలో మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. బర్మింగ్‌హామ్‌లో నాగజ్యోతి అనే స్నేహితురాలి ఫ్లాటుకు వెళ్తానని నిన్ననే చెప్పింది. గోడలు పలచన, కింద మాటలు పైకి వినపడతాయి. అంతా వినే ఉంటుంది.

"ఇదుగోనమ్మా," అని సులోచన కవరు చేతిలో పెట్టింది. "బాగా రాశారు. ఏమీ భయం లేదు."

"థాంక్స్ ఆంటీ." బిందు కవరును అప్లికేషన్ ఫైల్లో పెట్టి, దాని రబ్బరు బ్యాండు సరిచేసింది. సులోచన ఇంకేదో మాట కోసం నిలబడింది. వచ్చి వాటేసుకుంటుందేమో, కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అనుకుంది.

బిందు మడతపెట్టిన స్వెటర్ మళ్లీ విప్పి మడతపెడుతూ అంది. "ఆదివారం మీరు బయటికి పోయినప్పుడు నేను సింకు కింద పైపు విప్పి చూసినాను ఆంటీ. గంధంలో అంటుకొని ఉన్నిందేమో, నేనే చూసుకోకుండా నీళ్లతో పాటు పోగొట్టినానేమో అని. మురికంతా గిన్నెలోకి వంచి వేళ్లతో వెతికినా. దొరకలేదు. మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చినా, దేవుని రాయి పోగొట్టినానే అమ్మా అని. ఆమె అక్కడ తలస్నానం చేసి, నా పేరుతో రెండు రోజులు ఉపవాసం ఉంది."

సులోచన మంచం మీద దుప్పటి అంచు సర్దింది.

"సార్‌కు తెలీదు, అనుమానపడినారు. అది నాకు అర్థమయితాంది." బిందు తల ఎత్తింది. కోపంగా లేదు, రోగిని అడిగినట్టే మెల్లగా అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది ఆంటీ?"

ఇవాళే, అని ఒక్క మాట అంటే అయిపోతుంది. కింద పూజ గంట వినపడుతోంది. ఆయన ఈ మాట వినరు.

"శనివారం పొద్దున్నే," అంది సులోచన.

బిందు తల ఊపింది. సూట్‌కేసు మూసి, మోకాలితో నొక్కి జిప్పు లాగింది. ఫైలు చంకన పెట్టుకుని, బరువంతా ఒక పక్కకు ఒరిగేలా సూట్‌కేసు ఎత్తింది. మెట్ల దగ్గర సులోచన వంగి రెండో వైపు పట్టుకోబోయింది.

"వద్దు ఆంటీ," అంది బిందు. "నేనే మోసుకుంటాలే."